నీడియా కోసం ఎత్తు సీటు

కోర్దోబా నగరంలో మా దక్షిణపు బస్తీలో ఏ తలుపు తట్టినా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే పలుకుతారు. నీడియా బసాన్ కూడా అంతే. ఇరవై ఎనిమిదేళ్లు కారు సీట్లకి గుడ్డ కుట్టింది. ఎన్ని వేల సీట్లు ఆమె మిషను కింద నుంచి పోయాయో దేవుడికే తెలియాలి. కానీ అరవై రెండేళ్లు వచ్చేదాకా స్టీరింగు ముందున్న సీట్లో ఒక్కసారి కూర్చుంటే ఒట్టు.

ఆ సీటు ఆమె మొగుడు ఒస్మార్‌ది. ఆయనదీ అదే ఫ్యాక్టరీ, డాష్‌బోర్డుల దగ్గర. ఆయన పని వింటే నవ్వొస్తుంది. టాప్ మోడల్ కారుకి డాష్‌బోర్డు మీద అయిదు మీటలుంటాయి. ఫాగ్ లైట్లకొకటి, వెనకద్దం మీద తేమ పోగొట్టడానికొకటి, కిటికీ అద్దాలు దించడానికి రెండు, తలుపులన్నీ ఒక్కసారే లాక్ చేయడానికొకటి. బేస్ మోడల్ కొన్నవాడికి ఆ మీటలుండవు గానీ చిల్లులు మాత్రం అవే చిల్లులు. అవి బోసిగా కనబడకుండా నల్లటి బిళ్లలు నొక్కి మూసేయడం, అదీ ఒస్మార్ ఉద్యోగం. గుడ్డి మీటలు అనేవాళ్లు వాటిని. చివరికి ఫ్యాక్టరీవాళ్లు తగ్గింపు ధరకి ఇస్తున్నారని తనూ ఓ కారు కొనుక్కుంటే, అదీ బేస్ మోడలే. తన చేత్తో మూసిన అయిదు గుడ్డి మీటలూ రోజూ తన మొహం మీదే.

"వీటి వెనక తీగలన్నీ వచ్చే ఉన్నాయే నీడియా! నాకు తెలీదా? ఫ్యాక్టరీ అన్నిటికీ ఒకటే తీగల కట్ట వేస్తుంది. బిళ్ల పీకి మీట పెట్టి, అవతలి సామాను బిగిస్తే చాలు, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది" అనేవాడు.

"అయితే బిగించవయ్యా, ఎవరొద్దన్నారు?"

"ఏది ముందు బిగించాలో తేలాలిగా!"

అది పందొమ్మిదేళ్లు తేలలేదు. ప్రతి శనివారం పెరట్లో నిప్పుల మీద మాంసం కాలుతుంటే, ఒస్మార్, ఆయన తమ్ముడు వాల్దో, పక్కింటివాళ్లు గ్లాసుల్లో ఫెర్నెట్ అనే చేదు మందు, కోలా కలుపుకుని ఇదే పంచాయితీ. ఒకడు ఫాగ్ లైట్లంటాడు. ఇంకొకడు అల్లాయ్ చక్రాలంటాడు. "చక్రాలు ఎవడికి కావాలిరా, క్రూయిజ్ కంట్రోల్ ఉండాలి గానీ" అని మూడోవాడు. మాంసం మాడిపోయేది గానీ మాట తెగేది కాదు. నీడియాని మాత్రం ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఆవిడ సలాడ్ గిన్నె తెచ్చి పెట్టి, వీళ్లకి పెళ్లిసంబంధాలు చూసే పని అప్పజెప్పి ఉంటే బస్తీలో ఒక్కరికీ పెళ్లయ్యేది కాదు అనుకుని నవ్వుకునేది.

పోయినేడు ఒస్మార్ కళ్లు దెబ్బతిన్నాయి. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నదే కనిపించదు. డాక్టరు లైసెన్సు మీద సంతకం పెట్టనన్నాడు. ఇంటికొచ్చి తాళంచెవి మేకుకి తగిలించేశాడు మనిషి. పొద్దున్నే మాతే ఆకు టీ కాచి, పీల్చే గొట్టం వేసి చేతికిస్తే తాగడం, గోడకేసి చూస్తూ కూర్చోవడం. కారు గరాజులో దుమ్ము పట్టింది.

వాల్దో ఒక శనివారం వచ్చి చల్లగా చెప్పాడు. "అన్నా, కారు అలా పాడుపెట్టుకోవడమెందుకు? నాకిచ్చెయ్. నేను చక్రాలవీ వేయించి బాగా చూసుకుంటా. మీకెక్కడికైనా వెళ్లాలంటే ఫోన్ చేయండి, వచ్చి తీసుకెళ్తా."

"ఫోన్ చేస్తే నువ్వు వస్తావా? మీ అమ్మ తొంభయ్యో పుట్టినరోజుకే రాలేదు నువ్వు!" అంది నీడియా.

"అది వేరే సంగతి వదినా."

"ఇచ్చేదేం లేదు. నేను నేర్చుకుంటా."

పెరట్లో అందరూ ఒకటే నవ్వు. వాల్దో అయితే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "నువ్వా! వదినా, నువ్వు నడిపితే రోడ్డు మీద జనం డ్రైవర్ లేని కారు పోతోందని పోలీసులకి ఫోన్ చేస్తారు!"

నిజమే, నీడియా పొట్టిది. నిలబడితే మీటరున్నరకి ఇంకా రెండు వేళ్లు తక్కువ. కానీ ఆ నవ్వుకి ఆమెకి ఒళ్లు మండింది. ఒస్మార్ నవ్వలేదు. నిప్పులకేసి మొహం తిప్పి, "ఈ నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే కారు ఆమెది. లేకపోతే నీదిరా వాల్దో. మాటంటే మాటే" అన్నాడు. ఒస్మార్ మాటంటే ఆ బస్తీలో రాత కింద లెక్క.

నేర్చుకోవడం కష్టం కాలేదు. కాలితో మిషను తొక్కిన మనిషికి క్లచ్చి ఎంత? గేర్లు వారంలో వచ్చేశాయి. ఒస్మార్ వీధి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఇంజను చప్పుడు విని, "రెండో గేరు! ఇప్పుడు మూడు! అబ్బ, దాన్నలా ఏడిపించకే!" అని అరిచేవాడు. ఆయన గొంతులో ప్రాణం లేచొచ్చింది, అది చూసి నీడియా ఇంకో రెండు చుట్లు ఎక్కువే కొట్టేది. చిక్కల్లా ఎత్తు దగ్గరొచ్చింది. మామూలుగా కూర్చుంటే స్టీరింగు చక్రం మధ్యలోంచి చూడాలి. మూడు దిండ్లు పెడితే గానీ ముందు రోడ్డు కనబడదు.

పరీక్షకి ఆ మూడు దిండ్లతోనే వెళ్లింది. అంతా బాగానే చేసింది. ఉన్నట్టుండి బ్రేకు వేయమన్నాడు పరీక్ష పెట్టే పరేదెస్. వేసింది. అంతే, దిండు జర్రున జారి, దానితో పాటు మనిషీ జారి, క్లచ్చి మీద కాలు తప్పి, కారు గంతులేస్తూ పోయి ప్లాస్టిక్ కోనుని గుద్ది ఆగింది. పరేదెస్ చెడ్డవాడేం కాదు, నవ్వాపుకుంటూ చెప్పాడు. "అమ్మా, మీరు బాగా నడుపుతున్నారు. కానీ జారే దిండ్ల మీద కూర్చోబెట్టి నేను లైసెన్సు ఇవ్వలేను. సీటు సరిచేయించుకుని నెలాఖరుకి రండి, ఇంకో అవకాశముంది. అదే ఆఖరు."

ఇంటికొచ్చి నీడియా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, వచ్చి ఒస్మార్ ముందు నిలబడింది. "ఏమయ్యా, టాప్ మోడల్ సీటుకి పక్కన ఒక పిడి ఉంటుంది, లాగితే సీటు పైకి లేస్తుంది. మా లైనులో దానికి గుడ్డ వేరే కత్తిరించేవాళ్లం. అది మన కారుకి పడుతుందా?"

ఒస్మార్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నాలుగు బోల్టులు. అవే చిల్లులు. పడుతుంది." ఆ మాట అన్నాక మొహం కొంచెం వాడిపోయింది. నీడియాకి ఎందుకో తెలుసు. సామాను కోసమని ఆయన ఎప్పటినుంచో దాచిన డబ్బు ఒకే ఒక్కదానికి వస్తుంది. అది సీటుకి పోతే మీటల కల అక్కడితో సరి.

శనివారం ముగ్గురూ పాత కార్లు విప్పి అమ్మే యార్డుకి వెళ్లారు. ఒస్మార్ కారు నడిపి తీసుకెళ్లింది వాల్దోయే. ఊరికే కాదు, నెలాఖరుకి ఆ కారు సరుకుతో సహా తనదవుతుందని అతని ఆశ. యార్డు నడిపే గ్రాసియేలా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అదృష్టవంతులు మీరు! సరిగ్గా మీ సంవత్సరం కారే, టాప్ మోడల్. వెనక నుంచి లారీ గుద్దింది, ముందంతా చెక్కు చెదరలేదు. చూసుకోండి, ఏది కావాలంటే అది విప్పిస్తా."

ఒస్మార్ లోపలికి తల పెట్టి చేత్తో తడిమాడు. డాష్‌బోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి. ఒక్కొక్క మీటా నొక్కాడు. టక్. టక్. అయిదూ నిజమైనవే. కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి నొక్కాడు. నీడియా ఆ మొహం చూసింది. సరే, మీటలే తీసుకో అనేద్దామా అని ఒక్క క్షణం నిజంగా అనిపించింది.

ఆ క్షణంలోనే వాల్దో తగులుకున్నాడు. "అన్నా, అదే తీసుకో! మీటల ప్యానెలు మొత్తం, దాంతో పాటు ఫాగ్ లైట్లు. కారు విలువ పెరుగుతుంది. సీటేంటి అన్నా, సీటు! ఎలాగూ నెలాఖరుకి నా చేతికొచ్చేదేగా, నాకు ఆ సీటు ఎత్తితే తల కప్పుకి తగులుద్ది."

ఒస్మార్ డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీశాడు. "ఏమన్నావురా?"

"అంటే... ఒకవేళ, అన్నా. ఒకవేళ వదిన..."

"నాకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదురా వెధవా! గ్రాసియేలా, సీటు విప్పించమ్మా. నీడియా, ముందు కూర్చుని చూడు."

నీడియా ఎక్కి కూర్చుంది. కూర్చుంటూనే అలవాటు కొద్దీ చెయ్యి కుట్టు మీదికి పోయింది. రెండు వరసల కుట్టు, ముఖమల్ గుడ్డ. తన లైనుదే. తన మిషనుదో, పక్కన కూర్చునే ఇర్మాదో చెప్పలేం గానీ తమ లైనుదే. పక్కనున్న పిడి లాగింది. సీటు కొంచెం లేచింది. మళ్లీ లాగింది. ఇంకొంచెం. ఆఖరిసారి లాగేసరికి స్టీరింగు చక్రం కిందకి దిగింది, అద్దం విశాలంగా తెరుచుకుంది, దాని అవతల పొడుగాటి బానెట్టు చివరిదాకా కనబడింది. కారుకి ముందు అంత ఉంటుందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

"అమ్మో! మీ మగాళ్లకి రోజూ ఇంత కనబడుతుందా!" అంది.

గ్రాసియేలా పగలబడి నవ్వింది. ఎంతకి ఇవ్వాలనుకుందో అందులో కొంత తగ్గించే ఇచ్చింది.

ఆదివారం ఒస్మార్ సీటు మార్చాడు. నీడియా స్పానరు అందిస్తుంటే కేవలం వేళ్లతో వెతుక్కుంటూ పాత బోల్టులు విప్పాడు, కొత్త సీటు కూర్చోబెట్టాడు, బెల్టు కొక్కెం బిగించాడు. బయటినుంచి చూసేవాళ్లకి ఆయనకి చూపు లేదంటే నమ్మబుద్ధి కాదు. చివరి బోల్టు బిగించి నడుం పట్టుకుని లేస్తూ, "పందొమ్మిదేళ్లకి ఈ కారుకి ఒకటి పెట్టాను చూడు" అన్నాడు. అందులో బాధ ఎంతో గర్వం ఎంతో నీడియాకి తెలియలేదు. చెంప మీద ముద్దు పెట్టి మాతేకి నీళ్లు పెట్టడానికి పోయింది.

నెలాఖరు రోజున పరీక్ష చోటిదాకా కారు నడిపింది కూడా వాల్దోయే, సాయం చేద్దామని అట. ఏటవాలు రోడ్డు మీద ఆపి కదలమన్నప్పుడు ఇంజను ఒకసారి ఆగిపోయింది. "కంగారు పడకండమ్మా" అన్నాడు పరేదెస్. నీడియా మళ్లీ స్టార్ట్ చేసి తీసింది. ఈసారి కారు వెనక్కి వేలెడు కూడా జారలేదు. ఉన్నట్టుండి బ్రేకు వేయమన్నాడు. వేసింది. కారు ఉన్నచోట ఆగింది, ఆవిడ సీట్లో కదల్లేదు.

పరేదెస్ కాగితం మీద సంతకం పెట్టాడు. నీడియా కిటికీలోంచి ఆ కాగితం ఊపుతూ, "వాల్దో! నువ్వు బస్సులో వచ్చెయ్!" అని అరిచింది. వాల్దో మొహం మాడ్చుకున్నాడు, మళ్లీ తనే నవ్వేసి చేయెత్తాడు. మనిషి అంత చెడ్డవాడు కాదులెండి, ఆశ ఎక్కువ.

"ఎక్కడికి పోదాం?" అన్నాడు ఒస్మార్, పక్క సీట్లో కూర్చుంటూ.

"కొండల్లోకి."

ఊరు దాటి కొండదారి పట్టారు. మొదటి మలుపులోనే ఒస్మార్ తలుపుకి కొట్టుకున్నాడు. రెండో మలుపులో పైన ఏదైనా ఉంటుందేమోనని చెయ్యెత్తి తడిమాడు. ఏమీ లేదు, వట్టి కప్పు. తలుపు మీద తడిమాడు, అక్కడా ఏమీ లేదు. ఎండ మొహం మీద పడుతుంటే అద్దం పైనున్న ఎండతెర దించాడు. అది పొట్టిది, కళ్ల దాకా కూడా రాలేదు.

"ఏమే, ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదే! ఎక్కడ పట్టుకోవాలి?"

"సీటు కింద, తలుపు వైపు అంచు" అంది నీడియా రోడ్డు మీంచి కళ్లు తీయకుండా. "నేను అక్కడే పట్టుకునేదాన్ని."

ఒస్మార్ చెయ్యి కిందికి పెట్టాడు. ఆయన వేళ్లు దేన్నయినా చదవగలవు. అంచున నాలుగు వేళ్ల వెడల్పున గుడ్డ అరిగి నున్నగా అయిపోయి ఉంది. దాని మీద ఒక మాసిక, ఆ మాసిక మీద ఇంకో మాసిక, సన్నటి చేతికుట్టు. తన వేళ్లు అందులో పెట్టాడు, పట్టలేదు. అది చిన్న చేతికి అరిగిన చోటు.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా.

"పందొమ్మిదేళ్లు" అన్నాడు. "ఒక్కసారి చెప్పకపోయావా?"

"చెబితే ఆ శనివారం పంచాయితీలో పెట్టేవాడివి. ఇంకో పందొమ్మిదేళ్లు పట్టేది."

ఒస్మార్ నవ్వలేక నవ్వాడు. ముక్కు చీదుకుని అన్నాడు: "వచ్చే శనివారం గ్రాసియేలా దగ్గరికి పోదాం. ఆ టాప్ మోడల్ కారు నుంచి ఈ పక్క కప్పుకుండే చేతిపిడి విప్పించుకొద్దాం. పైన బిగిస్తా. నువ్వు హాయిగా పట్టుకోవచ్చు."

"నాకెందుకయ్యా ఇప్పుడు? నేనింక అటుపక్క కూర్చోనుగా!"

"అయితే నాకేనే తల్లీ! మలుపొస్తోంది, నెమ్మదిగా!"