తొట్టెలంత ఎత్తు

ఆషాఢం వచ్చిందంటే లాల్‌దర్వాజాలో మా సందంతా మైదా లై, అంటే జిగురు, వాసన. నిన్న సాయంత్రం ఎవరింటి ముందో వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికిస్తున్నారు. బోనాలకు అమ్మవారికి మొక్కుగా ఇచ్చే, నిలువు వెదురు మీద గోపురంలా లేచే తొట్టెల అది. లైతో కలిసిన పచ్చి వెదురు వాసన తగలగానే, ఏదో పట్టుకోబోతున్నట్టు నా అరచేతులు మెల్లగా విచ్చుకున్నాయి. ఆ పట్టు నాకు నేర్పింది సత్తయ్య మామ.

మామ మాకు చుట్టం కాదు, పక్క వాటాలో ఉండేవాడు. సిటీ బస్సు డ్రైవరు. పొట్టి మనిషి, పెద్ద బొజ్జ. అయినా మా ఇరుకు సందులో ఎవరికీ తగలకుండా నడిచేవాడు. నేను మాత్రం తాడిచెట్టంత ఎదిగినా నా ఒళ్ళు ఎక్కడిదాకా ఉందో తెలియని మనిషిని. గుమ్మాలు తలకు కొట్టుకునేవి, మోచేతులకు గ్లాసులు పడిపోయేవి. ప్రతిసారీ తప్పు వాటిదే అనేవాణ్ణి: గుమ్మం పొట్టిది, సందు ఇరుకు, జనానికి బుద్ధి లేదు. ఇంట్లో వాళ్ళతోనూ అలాగే ఉండేవాణ్ణి. నాకు చోటు లేదని అరిచేవాణ్ణే తప్ప, ఎంత చోటు నేనే ఆక్రమించానో చూసుకోలేదు.

ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో మామ బస్సెక్కి ఆయన వెనకే నిలబడ్డాను. అరటిపళ్ళ బండికీ ఆటోకీ మధ్యకు బస్సును పోనిస్తున్నాడు.

"మామా, ఆగు! తగుల్తది!"

"నీకెట్ల తెలుసురా? నువ్వేమన్న బస్సువా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

పళ్ళాయన గెల మీద చెయ్యి అడ్డం పెట్టి, "అరే చాచా, కేలే తో బచావో!" అని అరటిపళ్ళు కాపాడమంటూ మొత్తుకున్నాడు.

"బచాయా నా, భాయ్!" అంటూ మామ దాటేశాడు. దాటుతున్నప్పుడు గమనించాను. ఇరుకు రాగానే, బస్సు తన ఒళ్ళే అయినట్టు, ఆయన పొట్ట లోపలికి లాక్కున్నాడు.

ఆ ఏడు మామ భార్య అత్తమ్మకు ఆపరేషన్ అయింది. ఆమె నడుచుకుంటూ ఇంటికొస్తే మేడంత ఎత్తు తొట్టెల సమర్పిస్తానని మామ మొక్కుకున్నాడు. ఆమె నడిచే వచ్చింది. పండగ దగ్గరపడేసరికి ఆయన భుజం పట్టేసి, చెయ్యి పైకి లేవలేదు. తొట్టెల చినగకుండా గుడి చేరాలి. లేకుంటే మొక్కు తీరినట్టు కాదని ఆయన బెంగ. నా దగ్గరకొచ్చి, "అల్లుడా, నువ్వే మొయ్యాలె" అన్నాడు.

అత్తమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "వీనికిస్తవా? చాయ్ గ్లాసు కింద పెట్టమంటే పలగ్గొడ్తడు!"

"పొడుగున్నడు గదనే. మిగిలింది నేను నేర్పుత."

ఒక పొడుగు వెదురు కొనకు గుడ్డపేలిక కట్టి, రోజూ సందులో నడిపించాడు. పైకి చూడొద్దన్నాడు. చూడకపోతే ఎట్లా తెలుస్తుందని గొణుగుతూ వెదురును బిగించి పట్టుకున్నాను.

"గొంతు పిసుకుతున్నవా ఏంది? పిల్లికూనను పట్టుకున్నట్టు పట్టు. గట్ల బిగిస్తే అది నీకేం చెప్తది?"

సందులోవాళ్ళు నవ్వారు. "ఏమన్నా, ఆకాశం బూజు దులుపుతున్నవా?" అని ఎవరో అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆ కోపానికి పట్టు ఇంకా బిగిసి, కొన కేబుల్ వైర్లలో చిక్కుకుంది. మామ నా వేళ్ళను ఒక్కొక్కటిగా వదులు చేశాడు. అప్పుడు వైరు ఒరుసుకున్న సన్నని అదురు వెదురులోంచి దిగి అరచేతికి చేరింది. అంత ఎత్తున ఉన్నది నా చేతికి తెలిసింది!

పండగనాడు ముందు బోనాలెత్తిన ఆడవాళ్ళు, డప్పులు. వెనక తొట్టెలతో నేను, నా వెనక మామ, ఆయన చెయ్యి పట్టుకుని అత్తమ్మ. పుట్టి పెరిగిన సందే, ఎన్నడూ చూడనట్టుంది. కాళ్ళు నేల మీదే ఉన్నా, నేను మేడలంత ఎత్తున నడుస్తున్నట్టనిపించింది. రోజూ పట్టించుకోని బాల్కనీలు ముఖం మీదికొచ్చాయి. టైలర్ దుకాణం మలుపులో ఒక పక్క రేకు, పైన వైర్లు. డప్పు హోరులో మామ గొంతు వినబడలేదు. ఆయన మాట్లాడటమే లేదని తర్వాత తెలిసింది. ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడట.

చేతికి చిన్న అదురు తగిలింది. నేను ఆలోచించేలోపే మోకాళ్ళు వంగాయి, భుజం రేకు నుంచి పక్కకు తప్పుకుంది. తొట్టెల నెత్తి మీంచి వైరు దువ్వెనలా జారిపోయింది. ఒక కాగితప్పువ్వు వణికింది, ఊడలేదు.

"దాటింది రో! నా బస్సు దాటింది!" మామ అరుపుకు డప్పులాయన కూడా వెనక్కి తిరిగాడు. అత్తమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

తొట్టెలను గుడిలో అప్పజెప్పి ఖాళీ చేతులతో అదే సందులోంచి తిరిగొస్తున్నాం. మలుపు దగ్గర మామ ఆగి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఇచ్చొచ్చినం గదరా, ఇంకెవరి కోసం వంగినవ్?"

చూసుకుంటే మోకాళ్ళు వంగే ఉన్నాయి.

మామ పోయి చాలా ఏళ్ళయింది. నా దురుసుతనం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ గొంతు పెంచుతాను, తర్వాత బాధపడతాను. కానీ టైలర్ దుకాణం మలుపు వచ్చేసరికి, తలపైన ఏమీ లేకపోయినా, నా మోకాళ్ళు కొద్దిగా వంగుతాయి. వెనకొచ్చేవాళ్ళు కీళ్ళనొప్పులనుకుని, "నిమ్మళంగ నడువు బాపూ" అంటారు. నేను కాదనను. మేడంత మనిషిని, జాగ్రత్తగా మలుపు తిరుగుతాను.