నలుసేనండీ

మొన్న కంకిపాడు దాటి బస్సులో వస్తుంటే, రోడ్డు పక్క ఆరబోసిన వడ్లను తూర్పారబడుతుంటే లేచిన దుమ్ము కిటికీలోంచి మొహాన కొట్టింది. కంట్లో గరగరలాడింది. నలుపుకోబోయిన చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నలుసు పడ్డ కన్ను నలపొద్దనే సుగుణ డాక్టరు గారు పోయి చాలా ఏళ్ళయినా నా చేతుల మీద ఆవిడ పెత్తనం ఇంకా సాగుతూనే ఉంది.

డెబ్బైలలో బెజవాడకు దిగువన, కాలవ గట్టు మీద చర్చి వాళ్ళ చిన్న ఆసుపత్రిలో ఆవిడ దగ్గర నర్సుగా చేరాను. ఆవిడ పాస్టరు గారి అమ్మాయి, పట్నంలో పెరిగిన మనిషి, కోపం ముక్కు మీదే ఉండేది. పొలం పనుల్లో కూలీల ఒంటికి ఏమవుతోందో ఎవరికీ పట్టడం లేదని ఒక ఏడు కోతల్లో తానే వివరాలు తీయించడం మొదలుపెట్టారు. పనిలో గాయాలేమైనా అయ్యాయా అని ఇంటింటికీ వెళ్ళి అడగమన్నారు. అడిగాను. అందరూ లేదన్నారు. వేలికి నెత్తుటి గుడ్డ చుట్టుకున్న మనిషి కూడా గాయాలేం లేవంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా మాట నమ్మక, నూర్పిళ్ళప్పుడు డాక్టరు గారే కళ్ళంలోకి వచ్చారు. అక్కడ, అంతకుముందు నాతో గాయాల్లేవన్న కోటమ్మ అనే కూలీ ఒక చేత్తో పైటచెంగు కంటికి అదిమిపెట్టుకుని, రెండో చేత్తో నెత్తి మీది వరికట్ట పట్టుకుని నడుస్తోంది. గాయమైందా అని అడిగారు డాక్టరు గారు.

“గాయమెందుకండీ? గాయమంటే కొట్టుకుంటే అయ్యేది గదా, పోలీసోళ్ళు రాసుకునేది. ఇది నలుసేనండీ” అంది కోటమ్మ.

చెంగు తీయించి చూస్తే, వడ్లగింజ మొన గీరుకున్న చోట నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసి ఉంది. ఎవరో చెబితే ఆకు పసరు కూడా పోయించుకుందట. వెంటనే బెజవాడ వెళ్దామంటే కోటమ్మ ససేమిరా అంది. నూర్పిళ్ళ మధ్యలో వెళ్ళిపోతే కూలీల ముఠాలో తన చోటు ఇంకొకరికి పోతుంది, నాట్లకు మళ్ళీ పిలవరు. ఆ చోటు పోనివ్వనని ముఠా మేస్త్రి చేత అందరి ముందూ అనిపించాక గానీ డాక్టరు గారు అక్కణ్ణుంచి కదల్లేదు.

బస్సులో కోటమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, నావైపు తిరిగి, “నాకు అడగడం రాలేదమ్మాయ్. రేపట్నుంచి, పనికి ఎందుకు నాగా పెట్టారని అడుగు. పెట్టలేదంటే, ఏం నొప్పెడుతున్నా పనికి వెళ్ళారని అడుగు” అన్నారు.

అలా అడిగితే ఊళ్ళకు ఊళ్ళు నోరు విప్పాయి. కొడవలికి తెగిన వేళ్ళు, పురుగుమందు కొడుతూ పడిపోయినవాళ్ళు, కట్టల బరువుకు పట్టేసిన మెడలు. గాయమన్న మాట మాత్రం ఒక్కరూ వాడలేదు.

కోటమ్మ కన్ను దక్కలేదు. ఇంక చూపు రాదని చెప్పడానికి డాక్టరు గారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. మెల్లగా చెప్పారు.

“ఒంటి కంటితో నాట్లు వెయ్యనిస్తారా అండీ?” అని అడిగింది కోటమ్మ.

వెయ్యనిస్తారని, మేస్త్రితో మళ్ళీ మాట్లాడతానని డాక్టరు గారు మాటిచ్చారు. బయటికొచ్చాక గట్టు మీద నిలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంత కోపిష్టి మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత చాలా ఆసుపత్రుల్లో పనిచేశాను. ఎవరైనా ఏం లేదండీ అంటే ఆ మాట మీద పంపేయడం నాకు చేతకాలేదు. నిన్న ఏం పని చేశారని మొదలుపెట్టేదాన్ని. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనీ అనుకునేదాన్ని. ఆ కోతల్లో అలా అడగడం మాకు ముందే తెలిసి ఉంటే కోటమ్మకు రెండు కళ్ళూ ఉండేవి.