వేజర్ నది మీద మా పడవ, ఒక పంపు స్విచ్చి

నాన్న పోయాక జర్మనీలో మా బ్రెమెన్ ఇంటి సెల్లారు ఖాళీ చేస్తుంటే, ఆయన పనిముట్ల పెట్టె అడుగున నూనె గుడ్డలో చుట్టిన స్విచ్చి ఒకటి దొరికింది. ముడి విప్పగానే పెట్రోలు వాసన గుప్పుమంది. నిజంగా వచ్చిందో, నాకే అలా అనిపించిందో చెప్పలేను. నా తొమ్మిదో ఏట ఆ స్విచ్చి ఆపాల్సిన పని నాది.

కాకినాడ నుంచి ఇంజనీరుగా ఇక్కడికొచ్చిన నాన్న, తోటివాళ్లంతా కార్లు కొంటుంటే, వేజర్ నదిలో తుప్పుపట్టిన మోటారు పడవ కొన్నారు. అమ్మ దాన్ని ఇనప్పెట్టె అనేది. కానీ వేసవి ఆదివారాల్లో, తడి తాళ్ల వాసనా ఒడ్డున లిండెన్ పూల వాసనా కలిసి వస్తుంటే, ఆ ఇనప్పెట్టెలోనే కూర్చుని స్టీలు గిన్నెలో ఆవకాయన్నం కలిపి, నూనె కారే ముద్దలు మా అరచేతుల్లో వరసగా పెట్టేది. పక్క పడవ ముసలాయన కూడా చెయ్యి చాచి, కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూనే మళ్లీ చాచేవాడు. నాన్న ముద్ద నములుతూ కూడా ఇంజనువైపే చూసేవారు.

అది పాతకాలపు మాగ్నెటో ఇంజను. నిప్పురవ్వ తనే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పనిలేదు. ఎర్ర బొత్తాం నొక్కితే రవ్వ ఆగి ఇంజను ఆగుతుంది. దాని పెట్రోలు పంపు పాడై, విడిభాగం ఎక్కడా దొరక్క, నాన్న కరెంటు పంపు బిగించారు. కారులో అయితే తాళం తిప్పితే అన్నీ ఆగుతాయి. ఇక్కడ తాళమే లేదు. అందుకని పంపుకి వేరే బ్యాటరీ, వేరే ఫ్యూజు, ఈ స్విచ్చి. ఇంజను ఆగినా పంపు తన మానాన టిక్కుటిక్కుమంటూ పెట్రోలు తోస్తూనే ఉంటుంది, అది పొంగి పడవ అడుగుకి కారుతుంది. ఇంజనుతోపాటు పంపుని ఆపేసే పరికరం ఒకటి తెప్పిస్తానని ప్రతి వారం అనేవారు. "అందాకా ఆ పని నీదే అమ్మడూ," అని నా వేలు ఆ స్విచ్చి మీద పెట్టినప్పుడు ఎంత మురిసిపోయానో!

దసరా వచ్చింది. ఇక్కడ సమాధుల మీద పెట్టడానికి దుకాణాల్లో అమ్మే చేమంతులే మాకు ఆయుధపూజ పూలు. నది మీద పొగమంచు, ఎముకలు కొరికే చలి. అమ్మ ఒడ్డున కొబ్బరికాయ కడుగుతోంది. నాన్న ఇంజను కాసేపు నడిపి, ఎర్ర బొత్తాం నొక్కి ఆపి, పసుపు రాయడానికి వంగారు. నేను బూరెల డబ్బా తెరిచి ఏది పెద్దదో చూసుకుంటున్నాను.

"పంపు కట్టేశావా?" అన్నారు నాన్న.

"యా, పపా," అన్నాను, డబ్బాలోంచి తలెత్తకుండా.

అమ్మ వణుకుతూ పడవ గదిలోకి వచ్చి తలుపు బిగించింది. పెట్రోలు వాసన ఆ పడవలో ఎప్పుడూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ పాట పాడింది, గంట వాయించింది. ఆ చప్పుడులో టిక్కుటిక్కు వినబడలేదు. చివర్న ఇంజను ముందు హారతి కర్పూరం వెలిగించింది.

మంటల్లోంచి నాన్న ముందు నన్ను, తర్వాత అమ్మని బయటికి లాగారు. అమ్మ బతికింది గానీ, వేళ్లు ముడుచుకుపోయిన ఆ చేతులు మళ్లీ ముద్ద కలపలేదు. పోలీసులు అడిగితే నాన్న, "వైరింగు నేనే తప్పు చేశాను" అన్నారు. అమ్మ నమ్మింది. చెంచాతో అన్నం తింటూ, పండగొచ్చిందంటే చాలు, "మీ వైర్లు నా చేతులు తినేశాయి" అనేది. నాన్న తలొంచుకుని మజ్జిగ పోసుకునేవారు. గొంతుదాకా వచ్చిన మాట నేను అన్నంతోపాటు మింగేసేదాన్ని. ఆ తర్వాత ఇంట్లో చిన్న వైరు కలపాలన్నా ఆయన మనిషిని పిలిచేవారు. పాపం, నా మాట నమ్మి, తన పనే తప్పనుకుంటున్నారని కుమిలిపోయాను. అయినా నోరు విప్పలేదు. అమ్మ పోయిన రోజు కూడా విప్పలేదు.

ఇప్పుడు ఆ స్విచ్చి నా అరచేతిలో ఉంది. మంటకి కరిగి, మీట ఒకవైపే అతుక్కుపోయింది. 'ఐన్' అన్న జర్మన్ అక్షరాల వైపు, అంటే ఆన్‌లోనే. కాలిన పడవలోంచి దీన్ని ఊడదీసి తెచ్చి, గుడ్డలో చుట్టి దాచింది నాన్నే. వైరింగులో ఏ తప్పూ లేదని ఆయనకి ఆ రోజు నుంచీ తెలుసు. అమ్మచేత అన్నేళ్లూ ఆ మాటలు పడ్డది తెలిసే.

పడవ ఏనాడో తుక్కులోకి పోయింది. పక్క పడవ ముసలాయనా లేడు, అమ్మ చేతి ముద్దా లేదు, క్షమించమని అడగడానికి నాన్నా లేరు. బొటనవేలితో మీటని గట్టిగా అవతలికి నెట్టి చూశాను. కదల్లేదు.