కొండ మీద చెరువు, డిక్కీలో వంటిల్లు

2002వ సంవత్సరం, చలికాలం. అప్పటికి నేను అమలాపురంలో టూరిస్టు బస్సులకి మేనేజరుగా ఉన్నాను. మేనేజరనగానే గాజు బల్ల, తిరిగే కుర్చీ ఊహించుకోకండి. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ఘాట్ రోడ్డులో కళ్ళు తిరిగినవాళ్ళకి నిమ్మకాయ అందించి, తప్పిపోయిన చెప్పులు వెతికి, ఊరు చేరేదాకా అందరిచేతా తిట్లు తినే ఉద్యోగం అది. ఈ ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ వరసగా పేరిస్తే రాజోలు నుంచి రావులపాలెం దాకా వస్తాయి. ఇది మాత్రం జరిగినదే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కల్పించిన కథలకి ఎవరికీ ఒళ్ళు మండదు.

ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోటలున్న వెంకట్రావుగారు చుట్టాలతో, ఇరుగుపొరుగుతో కలిసి దక్షిణాన ఒక కొండ మీదున్న లేక్ పార్కుకి వెళ్ళడానికి బస్సు మాట్లాడుకున్నారు. బస్సంతా ఒక్కరే తీసుకుంటే దాన్ని మేము ఫుల్ బుకింగ్ అంటాం. ఫుల్ బుకింగ్‌తో పాటు వంటమనిషిని కూడా ఇవ్వడం మా ఆనవాయితీ. ఆయన వద్దన్నారు.

"ఎందుకండీ మీ వంటోడు? మా ఆడాళ్ళున్నారు కదా. వాళ్ళ చేతి వంట తిన్న నోటికి మరోటి సయించదండి."

ఆడవాళ్ళకేదో బిరుదు ఇస్తున్నట్టే చెప్పారు. ఆ బిరుదు తాలూకు సామానంతా డిక్కీలోకి, అంటే బస్సు వెనక సామాన్లు పెట్టే అరలోకి ఎక్కింది. గ్యాసు పొయ్యి, సిలిండరు, బియ్యం బస్తా, కొబ్బరికాయల గోతం, ఇత్తడి గుండిగలు. ఆఖరికి రుబ్బురోలు కూడా! కొండెక్కుతున్నప్పుడు ప్రతి మలుపులోనూ అది దొర్లితే, ఇంజను ఊడిపడిందనుకుని మా డ్రైవరు ఎన్నిసార్లు దేవుడికి మొక్కుకున్నాడో. ఆ మొక్కులన్నీ తీర్చి ఉంటే ఈపాటికి వాడి నెత్తిమీద వెంట్రుక మిగిలేది కాదు.

చూడవలసిన చోట బస్సు ఆగడాన్ని హాల్ట్ అంటాం. ఈ బస్సులో హాల్ట్ మగవాళ్ళకే. బస్సు ఆగగానే వాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని గుళ్ళూ గోపురాలూ చూడ్డానికి పోయేవారు. ఆడవాళ్ళు డిక్కీ తెరిచి, బస్సు వెనక గోనెపట్టా పరిచి, వంకాయలు ముందేసుకునేవారు. దారి పొడుగునా వాళ్ళు చూసిన దర్శనీయ స్థలం మా బస్సు వెనక నంబరు పలక ఒక్కటే.

వాళ్ళలో మంగతాయారు అనే ఆమె ఉంది. వెంకట్రావుగారి తమ్ముడు సత్తిబాబు భార్య. సత్తిబాబు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. సెలవు అయిపోయింది, ఈ యాత్ర నుంచి ఇంటికెళ్ళగానే విమానం ఎక్కాలి. ఘాట్ రోడ్డు మీద టీ తాగడానికి ఆగినప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మేనేజరుగారూ, ఆ చెరువులో పడవలుంటాయాండీ?"

"ఉంటాయమ్మా. తెడ్డు పడవలు, తొక్కుడు పడవలు."

"పెళ్ళైన ఏడాదికే ఆయన మస్కట్ వెళ్ళిపోయేరండి. సెలవుకొచ్చినా పొలం పనులు, చుట్టాలు. ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళిందే లేదండి. ఈసారి పడవెక్కిస్తానన్నారు."

"మన రేవుల్లో పడవలు లేవేటమ్మా?" అని ఏడిపించాను.

"అవి పనుండి ఎక్కుతామండి. ఊరికే, పనేం లేకుండా, ఒక్కసారి ఎక్కాలనుందండి."

ఎలాగైనా పడవల వేళకి బస్సుని అక్కడ చేర్చమని డ్రైవరుకి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పార్కు చేరాం. 'ఎండైనా, వానైనా, చలైనా ఏడాదంతా వినోదమే' అని గేటు మీద బోర్డు. చుట్టూ కొండలు, నడుమ నీలంగా చెరువు, గట్టు మీద వరసగా యాత్రికులు దిగే గుడారాలు, పిల్లల్నెక్కించి తిప్పడానికి గుర్రప్పిల్లలు. పడవల మనిషి పోయిన ట్రిప్పులోనే నాకు చెప్పాడు. మధ్యాహ్నం దాటితే మంచు దిగిపోతుంది, దిగితే పడవలు కట్టేస్తారు. మర్నాడు తెల్లారకుండానే మా తిరుగు ప్రయాణం. అంటే తాయారుకి ఉన్నది ఆ పూటే.

ఇది బస్సులో అందరికీ వినబడేలా చెప్పాను. వెంకట్రావుగారు బస్సు దిగుతూనే చలికి చేతులు రుద్దుకుని, "ఈ చలికి వేడివేడి గారెలు పడాలర్రా. ములక్కాడ పులుసు కూడా పెట్టండి" అన్నారు.

రోలు కిందికి దిగింది.

మగవాళ్ళు పడవలెక్కి చెరువంతా చుట్టి వచ్చారు. వచ్చి గుడారం ముందు దుప్పటి పరిచి పేకాటకి కూర్చున్నారు. తాయారు పప్పు రుబ్బుతోంది. చేయి రోట్లో ఉంది, చూపు నీళ్ళ మీద ఉంది. సత్తిబాబు తడిసిన పంచె అంచు పిండుకుంటూ వచ్చి, "భలేగుంది తాయారూ, నీళ్ళు మంచుగడ్డేననుకో" అన్నాడు.

"నన్నెప్పుడు తీసుకెళ్తారండీ?"

"గారెలైపోగానే. అన్నయ్యగారు ఆకలంటున్నారు."

ఆమె చేతిలో పొత్రం ఇంకా గట్టిగా తిరిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా పేకాట దగ్గరికి వెళ్ళాను.

"వెంకట్రావుగారూ, పార్కులో హోటలుందండి. ఈ పూటకి అక్కడ తినేద్దాం. ఆడవాళ్ళు కూడా కాస్త పడవెక్కుతారు."

"హోటలు కూడు మాకు పడదండి. అయినా చెరువే కదా! నీళ్ళు కాక పాలున్నాయేటి అందులో? మా పంటకాలవలో లేని నీళ్ళా?"

"మరి మీరెందుకొచ్చేరండీ?"

"మగాళ్ళం కదండీ, నాలుగూళ్ళు చూడొద్దా?"

"వాళ్ళకీ సీట్లు తీసుకున్నారు కదండీ."

"సీట్లో కూచోబెట్టే తెచ్చేం కదండీ, నిలబెట్టి తెచ్చేమా?"

పేక ముక్కలు పట్టుకున్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. సత్తిబాబు కూడా నవ్వాడు. అక్కడ నా ఓపిక నశించింది. కోపం వస్తే కొందరు కేకలేస్తారు, కొందరు చెయ్యి చేసుకుంటారు. నాకు కోపం వస్తే కథ వస్తుంది.

"మీ ఇష్టమండి. కాకపోతే ఈ కొండమీద ఎలుగుబంటికి ఇంగువ వాసన పడితే ఆగదండి. పోయినేడు మన మండపేట వాళ్ళ బస్సొచ్చింది. పులుసు పొంగు వచ్చే వేళకి వచ్చి, గుండిగెత్తుకుపోయింది. సాయంత్రం గుండిగ కడిగి, బోర్లించి వెళ్ళిందనుకోండి, అది వేరే సంగతి."

పొయ్యి ఆర్పించి, అందరూ గుడారాలు వదిలి చెరువు వైపు పోతారని నా ఎత్తు. సరిగ్గా అప్పుడే పొయ్యి వెనక పొదలు గలగలలాడాయి. నల్లగా ఏదో కదిలింది.

తరవాత జరిగింది నేను కల్పించగలిగేది కాదు. ఆ మగవాళ్ళందరూ పేక ముక్కలు గాల్లోకి విసిరేసి బస్సులోకి దూకారు. వెంకట్రావుగారు అందరికన్నా ముందున్నారు. "తలుపెయ్, తలుపెయ్!" అని అరుపులు. తలుపు పడింది. ఆడవాళ్ళందరూ బయటే, పొదలకి బారెడు దూరంలో.

వెంకట్రావుగారి భార్య వరలక్ష్మమ్మగారు చేతిలో జల్లిగరిటెతో బస్సు కేసి చూసి, "ఏవండీ! మేమిక్కడున్నామండీ!" అన్నారు.

కిటికీలోంచి ఆయన గొంతు: "ముందా పొయ్యార్పండే! వాసనకే కదా వస్తోంది! ఆ గారెల పళ్ళెం ఇలా అందించి, మీరెటైనా..."

పక్క కిటికీలోంచి సత్తిబాబు: "తాయారూ, గుండిగ జాగ్రత్త! వదినకి పుట్టింటోళ్ళు పెట్టింది!"

పొదల్లోంచి ఎలుగుబంటి బయటికి వచ్చింది. మెడలో గంట, వీపు మీద జీను ఉన్నాయి. పిల్లల్ని తిప్పే నల్ల గుర్రప్పిల్ల. బస్సు వెనకభాగం పొదల వైపు ఉండడంతో లోపలివాళ్ళకి అది కనబడలేదు. ఇది గుర్రమని కేకేద్దామని నోరు తెరిచాను. వరలక్ష్మమ్మగారు జల్లిగరిటె నా మొహానికి అడ్డం పెట్టారు.

"మీరూరుకోండి బాబూ. మా ఆయన చెప్పేరు కదా, పొయ్యార్పమని. ఇన్నేళ్ళకి నాకు నచ్చిన మాట చెప్పేరు."

ఆర్పేశారు. రోలు చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ లేచారు. తాయారు పిండి చెయ్యి గడ్డికేసి తుడుచుకుని అందరికన్నా ముందు నడిచింది.

పెద్ద తెడ్డు పడవలో అందరూ సర్దుకున్నారు. తాయారు పక్కన ఒక మనిషికి చోటుంది. పడవల మనిషి కట్టు విప్పుతుండగా సత్తిబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బస్సు కిటికీలోంచి పడవని చూసి ఉంటాడు. వెనక్కి వెనక్కి చూసుకుంటూ, రొప్పుతూ, "ఆగు తాయారూ, నేనూ వస్తున్నా" అన్నాడు.

ఆమె తన శాలువా తీసి ఆ ఖాళీలో పరిచింది, మన బస్సుల్లో సీటుకి తువ్వాలు వేసినట్టు.

"చోటు లేదండి" అంది.

పడవ కదిలింది. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, నీళ్ళు చల్లుకుంటున్నారు. తాయారు సంతోషంగా ఉందని మాత్రం నేను రాయను. కాసేపు ఆమె చెంగు కళ్ళ మీదే ఉంది. ఆమె అడిగింది పడవొక్కటే కాదు కదా. వాళ్ళు తిరిగొచ్చేసరికి మంచు దిగింది, పడవలు కట్టేశారు. సత్తిబాబు గట్టు మీద తడిసిన కోడిలా నిలబడే ఉన్నాడు. ఊరు చేరాక మస్కట్ వెళ్ళిపోయాడు. అతని మీద జాలిపడమని నన్నెవరూ అడగొద్దు.

వెంకట్రావుగారు ఊరు చేరాక ఈ కథ చెప్పుకున్నారు. ఆయన నోట ఎలుగుబంట్లు రెండయ్యాయి. ఆడవాళ్ళందర్నీ బస్సెక్కించి, ఆయనొక్కరే గరిట పుచ్చుకుని ఎదురు నిలిచారట. కథలల్లడం నాకు అన్నం పెట్టే విద్య, దాని మీదే చెయ్యి వేశాడే అని ఇంకా మండిపోయాను.

ఈ వృత్తిలో ఆ కొండ నాకు నేర్పింది ఒకటే. ఎక్కడికి వెళ్ళాలి, ఎన్నాళ్ళు అన్నవి తరవాత. బుకింగ్‌కి వచ్చినవాళ్ళని మొదట అడిగేది, "వంటెవరు చేస్తారండీ?" అని. "ఇంకెవరండీ, మా ఆడాళ్ళే" అన్నారో, "ఆయ్, అలాగాండీ" అంటాను, చాలా మర్యాదగా. అంతే, ఆ క్షణాన నా బస్సుకి గేరుబాక్సు పాడైపోతుంది.