కుడి పక్క హారన్

పుంగనూరులో మైకుసెట్టు మునిచంద్ర ఇల్లెక్కడంటే ఆటోవాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. మైకుసెట్టు మాత్రం లేదు. డీజే బాక్సులు వచ్చి జనం గుండెలు అదరగొట్టడం మొదలుపెట్టాక గరాటుల్లాంటి పాత మైకు హారన్లను అడిగే నాథుడు లేకపోయాడు. మునిచంద్ర వాటిని పాత ఇనుము బండికి వేసేసి, ఆ బండి సందు మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి చూశాడు. పేరు మాత్రం మనిషిని వదల్లేదు. అరవై మూడేళ్ల వయసు, ఒక అద్దె గది, ఒక గ్యాసు పొయ్యి, ఒకడికి సరిపడే గిన్నె. వెయ్యి పెళ్లిళ్లకు మైకు కట్టినవాడు తన పెళ్లికి కట్టుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "పెళ్లిళ్ల సీజన్లో మనకు ఖాళీ యాడుండాది సామీ?" అని నవ్వేవాడు. అది పక్కన ఇంకొకడు కూడా కలిసి నవ్విన రోజుల మాట.

ఆ ఇంకొకడు కుప్పం అబ్దుల్ జబ్బార్. ఇద్దరూ కలిసి ఇరవై ఆరేళ్లు ఒకే సెట్టు నడిపారు. ఎండాకాలం వస్తే ఇటు పక్క ఊళ్లలో భారతాలు మొదలవుతాయి. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం హరికథ, పొద్దు పోయాక నాటకం. అన్ని రోజులూ వీళ్లకు తిండీ నిద్రా అక్కడే. వేదికకు ఎదురుగా ఒక బల్ల, దాని ముందు ఆంప్లిఫయరు, బల్లకు అటొక గుంజ, ఇటొక గుంజ, వాటికి చెరొక హారన్. బల్ల మీద ఎడమ చివర జబ్బార్, కుడి చివర మునిచంద్ర. ఎవరి పక్కనున్న హారన్‌కు వాళ్లు పూచీ. హారన్ హోరులోనే మధ్యలో ఒకరితో ఒకరు ఊరివాళ్ల మీద జోకులు వేసుకునేవాళ్లు. హరికథకు ముందు జబ్బార్ లేచి వెళ్లి, మైకును వేలితో రెండుసార్లు తట్టి, "హలో, హలో... మన ధర్మరాజుల సామి సన్నిధిలో" అని అందుకునేవాడు. సాయిబు గొంతులో ఆ మాట వినాలని ముసలమ్మలు పనిగట్టుకుని ముందే వచ్చి కూర్చునేవాళ్లు.

అంతటి జబ్బార్‌తో మునిచంద్రకు ఏడేళ్లుగా మాటల్లేవు.

జబ్బార్ కూతురు అఫ్రీన్ పెళ్లి కుప్పంలో జరిగింది. మునిచంద్ర కొత్త చొక్కా తొడుక్కుని, జన్మలో మొదటిసారి భుజాన వైరుచుట్ట లేకుండా పెళ్లికి వెళ్లాడు. వేదిక మీదికి అయినవాళ్లను పిలిచి ఫోటోలు తీస్తున్నారు. వేదికకు ఎదురుగా నిలబడితే పిలుపు కోసం కాచుకున్నట్టు ఉంటుందని సిగ్గుపడి, గుమ్మం వైపు తిరిగి, వేదిక తన కుడిచేతి పక్కకు వచ్చేట్టు నిలబడ్డాడు. గంటన్నర అలాగే నిలబడ్డాడు. బంధువులు వచ్చారు, పక్కవీధివాళ్లు వచ్చారు, చివరకు వంటవాళ్లతోనూ ఫోటో అయింది. తనను ఎవరూ పిలవలేదు. బిరియానీ ముద్ద కూడా ముట్టకుండా బస్సెక్కేశాడు.

ఆరు నెలలకు, భారతం నాటకాలకు హార్మోనియం వాయించే వెంకటస్వామి బజార్లో ఎదురుపడి నాలుగు చీవాట్లు పెట్టాడు. "నువ్వు చేసింది బాగలేదు మునిచంద్రా. ఆయప్ప వియ్యంకుల ముందర నిన్ను మూడుసార్లు పిలిస్తే తలకాయన్నా తిప్పలేదంట గదా!"

మునిచంద్రకు ఒళ్లు మండిపోయింది. "పిలిచింటే నేను పరిగెత్తిపోనా? మరిచిపోయినాడు, దాన్ని కప్పెట్టుకోను ఇప్పుడు అబద్ధం పుట్టించినాడు" అన్నాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఇక్కడ ఇద్దరు మొండివాళ్లు తయారయ్యారు. ఫోన్ నంబరు ఇద్దరి దగ్గరా ఉంది. ఏడు భారతాలు వచ్చి పోయాయి.

ఇక మునిచంద్రకు మిగిలింది ఒక ట్రంకు పెట్టెడు క్యాసెట్లు. ఆంప్లిఫయరు నుంచి నేరుగా పట్టిన హరికథలవి. టేప్‌రికార్డరు చెడిపోయాక మదనపల్లెకు తీసుకెళ్లి, బెంగుళూరు బస్టాండు దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపు పెట్టుకున్న యువరాజ్ చేత అన్నింటినీ మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాడు. రోజూ మధ్యాహ్నం మూడింటికి, ఊళ్లో హరికథ మొదలయ్యే వేళకు, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాడు. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, అతను వినేది హరికథ కాదు. మొదటి నిమిషం వింటాడు. వేలితో తట్టిన చప్పుడు, "హలో, హలో", సామి సన్నిధి. అంతే. హరిదాసు గొంతు సవరించుకునేలోపు ఆపి, ఇంకో ఊరి భారతం పెట్టి, మళ్లీ మొదటి నిమిషం వింటాడు. తిట్టుకుంటూనే వింటాడు.

ఫోన్ స్పీకర్లో ఆ గొంతు నీళ్లు కలిపిన పాలలా ఉంటుంది. అందుకని ఒక రోజు బస్సెక్కి మదనపల్లె వెళ్లి యువరాజ్‌ను హెడ్‌ఫోన్లు అడిగాడు.

"పాటలకా సామీ?"

"హరికథకు."

యువరాజ్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. బేరానికి వచ్చినవాడిని చూసి నవ్వే రకం కాదు. అద్దాల బల్ల మీద మూడు జతలు వరసగా పెట్టాడు. మునిచంద్ర తన కార్డులో బోయకొండ పక్క ఊరి భారతం పెట్టి ఒక్కొక్కటీ తొడుక్కున్నాడు. మొదటిదానిలో జబ్బార్ తగరం డబ్బాలోంచి పలికినట్టుంది. రెండోది మద్దెల మోతకు మురిసిపోయి మనిషి గొంతును మింగేసింది. మూడోది పెద్దది, చెవులను పూర్తిగా కమ్మేసే రకం. దాన్ని పెట్టుకోగానే మునిచంద్ర కళ్లు మూసుకున్నాడు. మైకు మీద తగిలిన వేలి గోరు కూడా వినపడింది. "హలో" అనేముందు జబ్బార్ పీల్చిన ఊపిరి వినపడింది. మనిషి బల్ల మీద పక్కన కూర్చున్నట్టే ఉంది.

"శానా బాగుండాది. కానీ కుడి పక్క దిగిపోయుండాది సూడు" అన్నాడు కళ్లు తెరిచి. "ఆ రెండింట్లో కూడా అంతే. ఇది ఒకే మైకు మీద పట్టిందప్పా, రెండు పక్కలా సమంగా రావాల."

యువరాజ్ తను పెట్టుకుని చూశాడు. "నాకు సమంగానే ఉండాదే. అయినా ఈ పెద్దది ఊరికే పలికేది కాదు సామీ, ఫోన్ బలం దీనికి చాలదు. చిన్న ఆంప్లిఫయరు ఒకటి తగిలిస్తే నిండుగా వస్తాది." సబ్బుపెట్టె అంత నల్లటి వస్తువు తీసి చూపించాడు.

ముప్పై కిలోల ఆంప్లిఫయరును భుజాన వేసుకుని ఏళ్ల తరబడి ఏరులు దాటిన మనిషి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఆంప్లిఫయరా?" అన్నాడు.

ఆ రోజు ఏమీ కొనలేదు. హెడ్‌ఫోన్ల కన్నా ఆ సబ్బుపెట్టె ధరే ఎక్కువ. దారి పొడుగునా లెక్క తేలలేదు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని తనను తానే ఎత్తిపొడుచుకున్నాడు. కానీ మైకువాడికి ఆంప్లిఫయరు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. గొంతు లేనివాడికి గొంతిచ్చేది అదే కదా. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాడు, మూడు జతలూ మళ్లీ తొడిగి చూశాడు, మళ్లీ కుడి పక్క దిగిపోయే ఉంది. యువరాజ్ కొత్త జత విప్పి ఇచ్చాడు. అదీ అంతే. "మీ కంపెనీవాళ్లకు కుడి చెయ్యి చేతకాదేమో" అని విసుక్కుని వచ్చేశాడు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆంప్లిఫయరు కొనేయాలనే వెళ్లాడు. యువరాజ్ దాన్ని ఫోన్‌కు తగిలించి, పెద్ద జతను దానికి తగిలించి, మెల్లిగా పెంచాడు. జబ్బార్ గొంతు ఎడమ పక్క గంటలా మోగింది. కుడి పక్క మాత్రం ఎక్కడో చెరువు అవతలి నుంచి వచ్చినట్టుంది. ఇంకా పెంచమన్నాడు. ఎడమ చెవి గింగురుమంది గానీ కుడి పక్కన తేడా లేదు.

ఒక హారన్ దిగిపోతే మైకువాడు మొదట చేసే పని ఒక్కటే. ఈ హారన్ వైరును ఆ హారన్‌కు, ఆ హారన్ వైరును ఈ హారన్‌కు మార్చి చూస్తాడు. లోపం వైరుతో పాటు అవతలికి పోతే తప్పు వైరుది. కదలకుండా ఉన్నచోటే ఉంటే తప్పు హారన్‌ది. ఈ విద్యను మునిచంద్ర ఎంతమందికి నేర్పాడో లెక్కలేదు. మూడు రాకపోకల్లో అతనికి అది గుర్తుకు రాలేదు, ఎందుకంటే హారన్ తనేనని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు మెల్లిగా హెడ్‌ఫోన్లు తీసి, తిప్పి, ఎడమ గిన్నెను కుడి చెవికీ కుడి గిన్నెను ఎడమ చెవికీ పెట్టుకున్నాడు.

లోపం కదల్లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ ఎవరి మీద విసుక్కున్నాడో తలచుకుని మునిచంద్ర తల వంచుకున్నాడు. ఇరవై ఆరేళ్లు ఆ హారన్ పక్కన కూర్చున్న చెవి అది. ఇంతలో ఇంకో సంగతి తట్టింది. పెళ్లి మంటపం, గుమ్మం వైపు తిరిగిన తను, కుడిచేతి పక్కన వేదిక. పిలిచాడు. వెంకటస్వామి చెప్పింది నిజం. వియ్యంకుల ముందు, కూతురి పక్కన నిలబడి, మూడుసార్లు పిలిచాడు. తను నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, ఆ తర్వాత బయటికి నడిచి వెళ్లిపోయాడు. ఆలోచన అక్కడితో ఆగలేదు. సందులో పలకరించేవాళ్లు ఒక్కొక్కరే ఎందుకు తగ్గిపోయారో, ఊరు తనను మరిచిపోయిందని తను ఎందుకు అనుకున్నాడో కూడా వరసగా అర్థమైంది. ఎంతమంది కుడి పక్క నుంచి పిలిచి, పొగరనుకుని వెళ్లిపోయారో.

"ఏమాయ సామీ? పెట్టెలో పెట్టి ఇచ్చేదా?" అని యువరాజ్ అడిగాడు.

"వద్దప్పా. ఉండేదాన్ని పెంచుతాది గానీ, లేనిదాన్ని ఇది యాడనుంచి తెస్తాది?" హెడ్‌ఫోన్లు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. "ఈ హెడ్‌ఫోన్లు కూడా వద్దు. ఈ గొంతు మనిషి కుప్పంలోనే ఉండాడు."

మర్నాడు పొద్దున్నే బయలుదేరి, పలమనేరులో బస్సు మారి, ఎండ ఎక్కేసరికి కుప్పంలో దిగాడు. చెప్పాల్సిన మాటలు దారిలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. స్టేషన్ రోడ్డులో జబ్బార్‌కు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉందని వెంకటస్వామి ఎప్పుడో చెప్పాడు. వెతకాల్సిన పని లేకపోయింది. కొట్టు ముందు పొడుగాటి బల్ల మీద, ఎడమ చివరన, మిక్సీ మోటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు జబ్బార్. గడ్డం పూర్తిగా తెల్లబడింది. మునిచంద్ర వచ్చిన దారి అతనికి ఎడమ పక్క.

పది అడుగుల దూరంలో ఆగి పిలిచాడు. "జబ్బార్ బాయ్!"

జబ్బార్ తల ఎత్తలేదు. మునిచంద్ర రెండడుగులు ముందుకు వేశాడు. "జబ్బార్ బాయ్, నేనప్పా!" పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురు తిరిగి చూశారు. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. జబ్బార్ స్క్రూడ్రైవర్ తిప్పుతూనే ఉన్నాడు.

టీ తాగేవాళ్లు చూస్తున్నారు. మునిచంద్ర మొహం వేడెక్కింది. నలుగురి ముందు పిలిచి, తిరిగి చూడని మనిషి ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఏడేళ్లు దీన్ని మోసినవాడు ఇంతకింత తీర్చుకుంటున్నాడు, తీర్చుకోనీ, అనుకుని వెనక్కి తిరిగాడు. బస్టాండు వైపు నడిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరటిపళ్ల బండి దాకా వెళ్లి ఆగిపోయాడు. బల్ల ఎడమ చివర. ఇరవై ఆరేళ్లు ఎడమ హారన్ పక్కన ఎవరు కూర్చున్నారు? చెడిపోయింది తన కుడి చెవి అయితే, అతనిది ఏ చెవి? బాగున్న చెవులు రెండూ ఒకదానివైపు ఒకటి ఉండబట్టే కదా, అంత హోరులోనూ ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడింది!

మునిచంద్ర వెనక్కి వచ్చాడు. ఈసారి పిలవలేదు. టీ కొట్టు ముందునుంచే చుట్టూ తిరిగి, జబ్బార్ వెనకనుంచి వెళ్లి, బల్ల మీద కుడి చివర కూర్చున్నాడు. బల్ల కొంచెం కదిలింది. జబ్బార్ తల తిప్పి చూశాడు. ఒళ్లోని మోటారు జారబోతే పట్టుకున్నాడు. ఏడేళ్ల కోపాన్నంతా ఒక్క మాటలోకి తెచ్చుకుని అన్నాడు.

"ఎంతసేపైంది చంద్రా వచ్చి? దొంగ మాదిరి వచ్చి కూర్చునే బదులు, పిలవకూడదా?"

"పిలిచినాను బాయ్" అన్నాడు మునిచంద్ర. "మూడుసార్లు పిలిచినాను."

జబ్బార్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. టీ కొట్టు దగ్గర ఇంకా ఇటే చూస్తున్న మనుషులను చూశాడు. మునిచంద్ర నడిచి వచ్చిన దారిని చూశాడు. అతను కూడా మైకువాడే.

"ఏ పక్కనుంచి?" అని అడిగాడు.