ఆయ్, బాగుందండి

మా తోటలో కల్లు గీసే ఆయన చేత నా బీరుకి ఒక్క వంకైనా పెట్టించాలని నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

నేను హైదరాబాదులో బీరు తయారుచేసే చోట పనిచేస్తాను. పరదేశపు రైతులు పొలం పనులప్పుడు తాగడానికి ఇంట్లో కాచుకునే పద్ధతిలో, మా కొత్తపేట పంపరపనసలు కలిపి ఒక బీరు చేశాను. ఎక్కడో లోపముంది. ఎక్కడో నాకు అంతుపట్టలేదు. పులుపు సంగతి ఆయన నాలుకకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని, సీసాలు పట్టుకుని ఊరొచ్చాను.

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నారు.

"ఆయ్, బాగుందండి."

"చేదుగా లేదా బాబాయ్ గారూ?"

"ఆయ్, చేదేనండి. బాగుంది."

"పోనీ, పులుపెక్కువైందా?"

"ఎక్కువేనండి. అదే బాగుంది."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు కావాలనే, చెడిపోయి వెనిగర్‌లా మారిన సీసా తీసి గ్లాసుడు పోశాను. చుక్క మిగల్చకుండా తాగి మళ్లీ అదే మాట! మర్యాదకైనా ఓ హద్దుండాలి.

తర్వాత ఆయన, అప్పుడే చెట్టు మీంచి దింపిన తన కల్లు రుచి చూసి తుపుక్కున ఉమ్మేశారు.

"థూ! ఇది మనుషులు తాగేదేనా? కుండ కడగడం కూడా చేతకాదు నా మొహానికి!"

ఆయన పారబోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, నేనూ ఓ గుక్క తాగాను. నా మంచి బీరు కన్నా వెయ్యి రెట్లు నయం. అయినా కుండంతా గట్టు మీద ఒంపేశారు.

ఆ పైన నోరు పుక్కిలించి, ఖాళీ గ్లాసు వినయంగా నా ముందుకు జరిపారు.

"తమరిది ఇంకాస్త పొయ్యండి బాబూ."