అమ్మ ఎక్కని బస్సు

మా నాయన తిరుపతి–చిత్తూరు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక గదిలో నేను కంప్యూటరు, మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేస్తుంటే ఆయనకు పెద్దగా పట్టేది కాదు. ఒకరోజు తెరమీద 'బస్' అనే మాట ఆయన కంటపడింది. ఇక నన్ను వదిలితే ఒట్టు.

"బస్సా? ఎవురెక్కుతారమ్మా దీంట్లో?"

"గొంతులు, నాయనా," అన్నాను. ఒక్కో గొంతుకు తెరమీద ఒక్కో ఛానెల్ ఉంటుంది. కొన్నిటిని కలిపి ఒకే దారిన పంపితే ఆ దారిని బస్ అంటారు. అది మాస్టర్ అనే చివరి ఛానెల్‌కు చేరితేనే స్పీకర్లో మోగుతుంది. ఇంత చెప్పేసరికి ఆయన సంబరం చూడాలి! ఆ పూటనుంచి నేను గదిలోకి పోతే చాలు, "రైట్ రైట్" అని అరిచేవాడు.

గంగజాతరకు మా వీధి మైకులో వేయడానికి అమ్మా, మేనత్తలిద్దరూ కలిసి ఒక పాట పాడారు. అమ్మ పొయ్యి దగ్గర తనలో తాను పాడుకునేదే తప్ప నలుగురిలో గొంతెత్తిన మనిషి కాదు. ఆమెను మైకు ముందుకు తెచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పాట వినిపిస్తానంటే మాత్రం మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

పాట వేశాను. "అదో, నేనే!" అని పెద్దత్త, "ఈడ నేను!" అని చిన్నత్త మురిసిపోయారు. నాయన తొడమీద తాళం వేస్తున్నాడు. పాట అయిపోయింది. అమ్మ ఇంకా స్పీకరు వైపే చూస్తోంది.

"పోన్లే పాపా," అంది చివరికి. "నా గొంతు బాగలేదని తీసేసినట్టుండావు. మంచి పనే చేసినావు. పాట బాగుండాది."

గబుక్కున తెర ముందుకు జరిగాను. ఛానెళ్ళన్నీ వరసగా కనిపించే మిక్సర్లో వెతికితే తప్పు దొరికింది. అత్తల గొంతులతోపాటు బస్‌లో పంపాలని అమ్మ ఛానెల్‌ను మాస్టర్ నుంచి విడదీశాను, బస్‌కు కలపడం మరిచాను. అటూ లేదు, ఇటూ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అయినా ఒక్క మాట హెచ్చరించిందా? దాన్ని చేసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

"తీసేయలేదమ్మా. నీ గొంతు ఈడనే ఉండాది. బస్సెక్కించడం మరిసిపోయినాను."

"సరిపోయింది! మీ అత్తలిద్దర్నీ సీట్లో కూసోబెట్టి, మీయమ్మను స్టాండులో ఇడిసిపెట్టి రైట్ కొట్టినావా?" అని నాయన పగలబడి నవ్వాడు. అత్తలూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఛానెల్ కలిపి మళ్ళీ వేశాను. ఈసారి అమ్మ గొంతు వచ్చింది. కాస్త జీర, కాస్త బెదురు. పాట నిండుగా ఉంది. ఆ గొంతంటే నాకు ప్రాణం.

అమ్మ స్పీకరును వదిలేసి నాయన ముఖాన్నే చూస్తోంది.

"బాగుండాది," అన్నాడాయన పాట అయ్యాక. "ముందరా బాగుండాది, ఇప్పుడూ బాగుండాది."

అమ్మ కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది.

"మీ నాయనకు ఇంగోసారి ఇనిపీ పాపా," అంది. "ఈసారి మీ అత్తలను దించేసి."